డోలమైట్‌కి ఆ పేరు ఎలా వచ్చింది, సున్నపురాయి నుంచి దాన్ని వేరుపట్టడం ఎలా?

డోలమైట్ అంటే కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్లు కలిసిన ఖనిజం. ఇటలీలోని డోలమైట్ పర్వతాల పేరు మీదుగా దీనికి ఆ పేరొచ్చిందా అని అడిగారు. కాదండీ, ముందు రాయికి పేరు పెట్టారు, ఆ తర్వాతే కొండలకు వచ్చింది. ఫ్రెంచి భూగర్భ శాస్త్రజ్ఞుడు దెయోదా ద దొలోమ్యూ ఆల్ప్స్ ప్రాంతంలో సున్నపురాయిలా కనిపిస్తూనే యాసిడ్‌కి సరిగా పొంగని రాయి ఉందని 1791లో రాశాడు. ఆ రాయిని పరీక్షించిన స్విస్ రసాయన శాస్త్రజ్ఞుడు సొసూర్ 1792లో దొలోమ్యూ పేరే దానికి పెట్టాడు.

ఆ పొంగు పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది. గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక వంతు తీసుకుని రెండు వంతుల నీళ్లలో కలపండి. నీళ్లలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. ఆరుబయట, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని చేయండి. అప్పుడే పగలగొట్టిన ముఖం మీద ఒక చుక్క వేస్తే సున్నపురాయి బుసబుసా పొంగుతుంది, డోలమైట్ దాదాపు కదలదు. అదే చోట మేకుతో గీకి, రాలిన పొడి మీద చుక్క వేస్తే డోలమైట్ కూడా మెల్లగా బుడగలు వదులుతుంది. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే: డోలమైట్ అని బస్తాల్లో అమ్మే పొడి మీద యాసిడ్ పోసి, పొంగింది కాబట్టి సున్నపురాయి కల్తీ అనేస్తారు. పొడికి ఈ పరీక్ష నమ్మదగ్గది కాదు. వేడి యాసిడ్ కూడా ఇలాగే మోసం చేస్తుంది.

రాయైతే తూకం కూడా చూడండి. కనీసం 400 గ్రాముల ముక్క కావాలి. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి జీరో చేసి, రాయిని దారంతో వేలాడదీసి, గిన్నె అడుగు, అంచులు తగలకుండా పూర్తిగా ముంచండి. రాయి తోసేసిన నీళ్ల బరువే కాటా చూపిస్తుంది: 430 గ్రాముల డోలమైట్‌కి 151 గ్రాములు, అంతే బరువున్న సున్నపురాయికి 159. తేడా ఆ ఎనిమిది గ్రాములే, కాబట్టి రాయికి అంటుకున్న గాలిబుడగలు తుడిచేయండి.

రొయ్యల చెరువుకి బస్తాలు కొంటుంటే ల్యాబ్ రిపోర్ట్ అడగండి. అందులో మెగ్నీషియం ఆక్సైడ్ శాతం చూడాలి: స్వచ్ఛమైన డోలమైట్‌లో 21.9. ఐదారు శాతం ఉంటే అది చాలావరకు సున్నపురాయే. కొందరు మెగ్నీషియం కార్బొనేట్ శాతం రాసి అంకె పెద్దగా చూపిస్తారు. దాన్ని 0.478తో గుణిస్తే ఆక్సైడ్ శాతం వస్తుంది.