నడిచేది వేరు, నిలిచేది వేరు

తమ్ముడికి ఆశీస్సులు.

మీ ప్రోగ్రామింగ్ భాష స్పెసిఫికేషన్‌లో, అంటే భాష నియమాలు రాసిపెట్టే పత్రంలో, కలెక్షన్ల (విలువలను గుంపుగా దాచేవాటి) అధ్యాయం నీకు అప్పగించారని రాశావు. ప్రోగ్రాం నడిపి చూసి, వచ్చిన ఫలితాన్ని ఉన్నదున్నట్టు రాస్తే సరిపోదా అని అడిగావు. సరిపోదు. నడిపి చూస్తే ఈ వెర్షన్ ఈ మెషీన్ మీద ఏం చేస్తుందో తెలుస్తుంది, అంతే. నీ పేజీ చదివేవాళ్లకు కావలసింది, వెర్షన్ మారినా ఏది మారదో. ఆ రెంటినీ విడదీయడమే నీ ఉద్యోగం. వాక్యాలు దిద్దడం దాని తర్వాత.

పైథాన్ భాషలో డిక్షనరీల సంగతి తీసుకో. డిక్షనరీ అంటే ఒక్కో కీకి, అంటే గుర్తుకు, ఒక్కో విలువను జతచేసి దాచేది. 2016 డిసెంబరులో వచ్చిన వెర్షన్ 3.6లో డిక్షనరీని లోపల కొత్తగా కట్టారు. మెమరీ ఆదా అయింది. దాంతోపాటు కీలు చేర్చిన వరుసలోనే బయటికి రావడం మొదలైంది. డాక్యుమెంటేషన్ రాసినవాళ్లు ఆ విషయం దాచలేదు. ఇది ఈ ఇంప్లిమెంటేషన్ (భాషను నడిపించే కోడ్) తీరు మాత్రమే, దీని మీద ఆధారపడవద్దు అని స్పష్టంగానే రాశారు. అయినా జనం ఆధారపడ్డారు. కళ్లెదుట ప్రతిసారీ వరుస తప్పకుండా వస్తుంటే ఎవరు మాత్రం నమ్మరు? 2017 చివర్లో పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ ఆ వరుసను భాషా నియమంగానే ఖాయం చేశారు. 2018లో వచ్చిన 3.7తో అది హామీ అయింది.

ఆ ఒక్క హామీ ఎంత దూరం పాకిందో చూడు. మైక్రోపైథాన్ అని పైథాన్‌కు ఇంకో ఇంప్లిమెంటేషన్ ఉంది. అది మైక్రోకంట్రోలర్ల (పరికరాల్లో ఉండే చిన్న కంప్యూటర్ చిప్‌ల) మీద, కొద్దిపాటి మెమరీలో నడవాలి. అందులోని మామూలు డిక్షనరీ వరుస నిలపదు. 3.6 దాకా దాన్ని తప్పుపట్టడానికి లేదు. 3.7 నుంచి అది భాష నియమానికి భిన్నమైన ప్రవర్తన. వాళ్ల కోడ్‌లో ఏమీ మారలేదు, మారింది ఎక్కడో ఒక వాక్యం. అలాగే పైథాన్‌లో డాక్‌టెస్ట్ ఉంది, డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణలను నడిపించి ఫలితం సరిచూసే మాడ్యూల్. డిక్షనరీని నేరుగా ప్రింట్ చేసి పోల్చకండి, వరుసకు హామీ లేదు అని దాని పేజీలో ఒక హెచ్చరిక ఉండేది. ఇప్పుడు అదే చోట డిక్షనరీకి బదులు సెట్ (వరుసకు హామీ లేని విలువల గుంపు) కనిపిస్తుంది. ఒక అధ్యాయంలో నియమం మారితే ఇంకెక్కడో టెస్టింగ్ పేజీలో ఒక వాక్యం అబద్ధమైపోతుంది. అలాంటివి వెతికి పట్టుకోవడానికే నీ రోజులు ఎక్కువగా ఖర్చవుతాయి. ఎవరూ మెచ్చుకోని పని, కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని.

గో భాషవాళ్లు ఇదే చిక్కును ఎదురు దారిలో తెంపారు. డిక్షనరీ లాంటిదాన్ని గోలో మ్యాప్ అంటారు. మ్యాప్‌లో ఏ వరుసలో తిరగాలో పాత స్పెసిఫికేషన్ చెప్పలేదు. దాంతో ఒక మెషీన్ మీద ఎప్పుడూ పాసయ్యే టెస్టు ఇంకో మెషీన్ మీద పడిపోయేది. 2012లో గో 1 విడుదల చేసినప్పుడు, వరుసను ఊహించడానికి వీల్లేదని రాయడమే కాక, నిజంగానే నడిచిన ప్రతిసారీ వరుస మారేలా చేశారు. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. చెప్పకుండా వదిలేసిన చోట జనం తమకు కనిపించినదాన్నే నియమం అనుకుంటారు. హామీ ఇవ్వని చోట, ఇవ్వడం లేదని కూడా రాయాలి. వీలైతే కోడ్ చేత కూడా ఆ మాట చెప్పించాలి.

ఈ 'చెప్పకపోవడం'లోనూ రకాలున్నాయి. ఇందులో సి భాష ప్రమాణం మంచి గురువు. ఫంక్షన్‌కు ఇచ్చిన ఆర్గ్యుమెంట్లలో (విలువల్లో) ఏది ముందు లెక్కకట్టాలో కంపైలర్ (కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రాం) ఇష్టం, ఏది ఎంచుకుందో చెప్పనక్కర్లేదు. ఇంట్ (పూర్ణాంకాల రకం) సైజు కూడా కంపైలరే నిర్ణయిస్తుంది, కానీ ఎంతో రాసి పెట్టి తీరాలి. సైన్డ్ (రుణ సంఖ్యలనూ పట్టే) పూర్ణాంకం పరిధి దాటిందా, ఇక ఏం జరిగినా ప్రమాణానికి బాధ్యత లేదు. అది జరగదనే నమ్మకంతో కంపైలర్ కోడ్‌ను తిరగరాసేస్తుంది కూడా. నీ అధ్యాయంలో ఖాళీగా వదిలిన ప్రతి చోటూ ఈ మూడింటిలో ఏ రకమో ముందు తేల్చుకో.

డాక్యుమెంటేషన్ ఒకటి చెబుతోంది, కోడ్ ఇంకొకటి చేస్తోంది అని బగ్ వస్తుంది. వెంటనే పేజీని కోడ్‌కు తగ్గట్టు దిద్దేయకు. తప్పు కోడ్‌దే కావచ్చు. లేదా ఆ విషయం ఎవరూ ఎప్పుడూ నిర్ణయించి ఉండకపోవచ్చు, అప్పుడు నువ్వు దిద్దే వాక్యమే నిర్ణయం అయిపోతుంది. ఇంప్లిమెంటేషన్ రాసేవాళ్లను అడుగు, పాత చర్చలు తిరగేయి. చిన్న విషయమే కదా అని మొహమాటపడకు.

పాత వెర్షన్లు వాడేవాళ్లను మరిచిపోకు. గో 1.22లో, 2024 ఫిబ్రవరిలో, ఫర్ లూప్ (అదే కోడ్‌ను మళ్లీ మళ్లీ నడిపేది) వేరియబుల్ ప్రతి చుట్టుకూ కొత్తది అయింది. అయితే మాడ్యూల్ ఫైలులో 1.22 కన్నా పాత వెర్షన్ రాసి ఉంటే పాత నియమమే వర్తిస్తుంది. అంటే ఒకే కంపైలర్ కింద రెండు అర్థాలు, రెండూ సరైనవే. ఏది ఏ వెర్షన్‌లో మారిందో ఆ విషయం దగ్గరే రాయి, ఎక్కడో విడుదల నోట్సులో దాచకు.

ఉదాహరణల దగ్గర ఇంకా జాగ్రత్త. చాలామంది నియమం చదవరు, ఉదాహరణ చూసి కాపీ చేసుకుంటారు. కింద చూపిన అవుట్‌పుట్ అక్షరం పొల్లుపోకుండా అలాగే వస్తుందనుకుంటారు. ఎర్రర్ మెసేజ్ మాటలు, సెట్‌లో సభ్యుల వరుస, ఫ్లోట్ (దశాంశ సంఖ్య) చివరి అంకె, వీటిలో మీరు హామీ ఇవ్వనివి ఉదాహరణలో కనిపించకుండా రాయడం సాధ్యమే. కనిపించక తప్పకపోతే పక్కనే చెప్పు.

సెట్ల భాగం రాసేశానన్నావుగా, నాకు పంపు. ప్రతి వాక్యం పక్కన హామీయా, ఇప్పటి తీరా, ఉదాహరణా అన్నది పెన్సిల్‌తో రాసి పంపు. నీకు తేలనివాటి పక్కన ప్రశ్న గుర్తు పెట్టు, ముందు అవే చూస్తాను.

ఇట్లు,
నీ అక్క