మూసీ కనిపించేదాకా తెలియలేదు

ప్రశ్న: అమ్మా, నాకు 41 ఏళ్లు. మియాపూర్‌లో ఉంటాం. నాంపల్లిలో ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తాను. రెండు నెలల క్రితం మా ఆఫీసులో ఇద్దరిని తీసేశారు. అప్పటి నుంచి తరువాతి వంతు నాదేనేమో, ఇంటి అప్పు వాయిదా ఎలా, పాప ఫీజు ఎలా అని ఒకటే ఆలోచన. మొన్న మెట్రోలో ఇదే లెక్క వేసుకుంటూ నాంపల్లి దాటిపోయాను. మూసీ కనిపించేదాకా తెలియలేదు. వర్తమానంలో బతకమంటారు అందరూ. అప్పున్నవాడికి అది కుదురుతుందా?

జవాబు: బాబూ, ఆ సలహా వింటే నాకూ చిరాకే. 30 ఏళ్లు బ్యాంకులో అప్పులిచ్చే బల్ల దగ్గర కూర్చున్నదాన్ని, వాయిదా తేదీ ఎవరి కోసమూ ఆగదని తెలుసు.

మీరు చూసిన ఆ మూసీయే 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచేసింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారంటారు. ఆ పూట వాళ్లకు పట్టుకున్న కొమ్మ తప్ప వేరే ధ్యాస ఉండి ఉండదు. నీరు తీశాక విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. కొలతలు తీశారు, 1920కి గండిపేట, 1927కి హిమాయత్‌సాగర్ ఆనకట్టలు కట్టారు. మీరేమో కొమ్మ మీద కూర్చుని ఆనకట్ట కడుతున్నారు, అదీ మెట్రోలో!

ఆనకట్ట పని ఆదివారం అరగంట పెట్టుకోండి. నోటుపుస్తకంలో ఇంటి ఖర్చు, చేతిలో ఉన్న సొమ్ము, అది ఎన్ని వాయిదాలకు సరిపోతుందో రాయండి. ఉద్యోగం నిజంగా పోతే, వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి గడువు పెంచమని అడగండి. తప్పాక వచ్చినవారికి మేం చేయగలిగింది తక్కువగా ఉండేది. మంగళవారం దిగులు పుడితే ఒక్క ముక్క రాసి ఆదివారానికి వదిలేయండి.

మిగతా రోజులకు నా అనుభవం చెబుతాను. 2001లో బ్యాంకుల్లో స్వచ్ఛంద పదవీ విరమణ గాలి వీచినప్పుడు, ఉండాలా వెళ్లాలా అని తేలక వరుసగా మూడు రోజులు పప్పులో రెండేసిసార్లు ఉప్పు వేశాను. మా వారు మాట్లాడకుండా తిన్నారు, అదింకా బాధ. నాలుగో రోజు గోంగూర ముందేసుకుని, కాడ తుంచేటప్పుడు వచ్చే ఆ చిన్న చప్పుడు మీదే చెవి పెట్టాను. పది ఆకులు కాకముందే మనసు బ్యాంకుకు పోయేది. తిట్టుకోకుండా మళ్లీ ఆకు దగ్గరికి తెచ్చుకునేదాన్ని. కట్ట అయ్యేసరికి ఇరవైసార్లయినా పోయి ఉంటుంది. కానీ ఆ రోజు ఉప్పు సరిపోయింది.

మీకు గోంగూర బదులు మెట్రో ఉంది. అమీర్‌పేట దాటాక ఫోను సంచిలో పెట్టి, ఊపిరి మెల్లగా, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలండి. వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. ఖైరతాబాద్, లక్డీకాపూల్, అసెంబ్లీ అని వినిపించే పేర్లు వినండి. వారాల తరబడి నిద్ర లేకపోతే మాత్రం డాక్టరును కలవండి. మనసు బాగోలేనివారికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

అన్నట్టు, ఉత్తరమంతా రెండుసార్లు చదివాను. ఈ సంగతి మీ ఆవిడకు చెప్పినట్టు ఎక్కడా లేదు. ఆదివారం నోటుపుస్తకం తెరిచేటప్పుడు ఆమెనూ పక్కన కూర్చోబెట్టుకోండి.