పక్కటెముక విరిగితే ఛాతీకి బిగుతుగా కట్టు కట్టాలా?

కట్టకూడదు, డాక్టరు రాసిన నొప్పి మందు వేసుకుంటూ నిండుగా ఊపిరి పీల్చడమే అసలు వైద్యం. చెయ్యి విరిగితే కదలకుండా కట్టేస్తాం కాబట్టి ఇక్కడా అంతే అనుకుంటారు. కానీ ఛాతీ నిమిషానికి 12 నుంచి 20 సార్లు కదలాల్సిందే. బిగించి కడితే ఊపిరి పైపైనే ఆడుతుంది, కఫం అడుగున పేరుకుపోతుంది, న్యుమోనియా పట్టుకుంటుంది. వయసు మళ్లినవాళ్లకు విరిగిన ఎముక కంటే ఇదే పెద్ద ప్రమాదం.

ఉదాహరణకు, బైక్ మీంచి పడి హ్యాండిల్ పక్కలో గట్టిగా తగిలిన మనిషి నొప్పికి భయపడి దగ్గడమే మానేస్తాడు. అలా కాకుండా, దెబ్బ తగిలిన చోట దిండును రెండు చేతులతో అదిమి పట్టుకుని దగ్గాలి. గంటకోసారి నెమ్మదిగా నాలుగైదు నిండు శ్వాసలు తీయాలి. ఎముక చాలామందికి 6 వారాల్లో దానంతటదే అతుక్కుంటుంది.

ఎక్స్‌రేలో ఏమీ లేదంటే విరగలేదనుకోవడం ఇంకో పొరపాటు. సన్నని చీలికలు చాలాసార్లు అందులో కనబడవు. ఆయాసం పెరుగుతున్నా, పెదాలు నీలంగా మారినా, దగ్గులో రక్తం పడినా, కింది పక్కటెముకలకు దెబ్బ తగిలి కళ్లు తిరుగుతున్నా (లోపల కాలేయమో ప్లీహమో చిట్లి ఉండొచ్చు) వెంటనే 108కి ఫోన్ చేయాలి.