సమాధానం: నాన్నగారి మోకాళ్ల నొప్పికి ఏ సీటు, ఎన్నింటికి వెళ్లాలి?

సెప్టెంబరులో టోక్యోలో జరిగే సుమో కుస్తీ టోర్నమెంటుకు నాన్నగారితో వెళ్తున్నామని, కింది అంతస్తులో బాక్స్ సీటు తీసుకోవాలా అని అడిగారు కదండీ. వద్దు. బాక్సులో కుర్చీలుండవు. చెప్పులు విప్పి, మీటరున్నర కూడా లేని చదరంలో, పలచటి దిండ్ల మీద నలుగురు నేలపై కూర్చోవాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి అలా గంటసేపు కూర్చోవడమే కష్టం. రింగుకు ఆనుకుని ఉండే సీట్లూ నేలమీదే. పైగా మల్లయోధులు మీద పడే ప్రమాదముంది, అక్కడ తిండికి, ఫొటోలకు అనుమతి లేదు.

రెండో అంతస్తులో కుర్చీలు తీసుకోండి. ముందు వరుసల నుంచి చక్కగా కనిపిస్తుంది. చిన్న బైనాక్యులర్ పెట్టుకోండి. టికెట్లు సుమారు నెల ముందు అమ్మకానికి వస్తాయి, వారాంతాలవి త్వరగా అయిపోతాయి. మామూలు రోజైతే మేలు.

పోటీలు ఉదయమే మొదలైనా పెద్దాయనను అప్పుడే తీసుకెళ్లకండి. సోబు రైలు లైనులో ర్యోగొకు స్టేషన్లో దిగి, మధ్యాహ్నం రెండున్నరకల్లా స్టేడియం లోపలుంటే చాలు. మూడున్నర దాటాక పైశ్రేణి మల్లయోధుల ప్రవేశం, ఆ వెంటనే యొకొజునా (అత్యున్నత హోదా ఉన్న మల్లయోధుడు) రింగులోకి వచ్చే తంతు. అది మాత్రం తప్పిపోనివ్వకండి! ఆట సుమారు ఆరింటికి ముగుస్తుంది. జనం ఒక్కసారిగా లేస్తారు, మీరు పది నిమిషాలు ఆగి మెట్లు దిగండి.