అడ్డం వీడియోను నిలువుగా మార్చే ముందు

ఖమ్మం నుంచి ఒక టీచర్ రాశారు. స్కూల్ వార్షికోత్సవంలో పిల్లల గ్రూప్ డ్యాన్స్‌ను ఫోన్ అడ్డంగా పట్టుకుని తీశారట. స్టేటస్‌లో పెడదామని ఎడిటింగ్ యాప్‌లో 9:16 (నిలువు కొలత) ఎంచుకుంటే పిల్లలంతా సన్నగా, పుల్లల్లా సాగిపోయారు. ఆకారం చెడకుండా నిలువు వీడియో ఎలా చేయాలి, వాటర్‌మార్క్ రాని ప్రీమియం యాప్ ఫైల్ ఒకటి ఎవరో టెలిగ్రామ్‌లో పంపారు, అది వాడొచ్చా అన్నవి ఆవిడ ప్రశ్నలు. ఊళ్లు మారుతున్నాయి గానీ నెలల తరబడి ఇదే ప్రశ్న, ఇదే జతతో వస్తోంది.

రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను. వద్దు. ఆ ఫైల్‌ను ఇంకా ఇన్‌స్టాల్ చేయకపోతే ఇప్పుడే డిలీట్ చేసేయండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

ఇక మొదటిది. అడ్డం బొమ్మ నిలువు ఫ్రేమ్‌లో పట్టాలంటే ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. ఫిట్ నొక్కితే బొమ్మంతా ఉంటుంది, పైనా కిందా ఖాళీ వస్తుంది. ఫిల్ నొక్కితే ఫ్రేమ్ నిండుతుంది, పక్కలు పోతాయి. స్ట్రెచ్ నొక్కితే మీ పిల్లలకు జరిగిందే జరుగుతుంది, దాని జోలికి వెళ్లొద్దు. ఫిల్‌లో ఎంత పోతుందో చాలామందికి అంచనా ఉండదు. 1920x1080 వీడియోలోంచి నిలువు ముక్క తీస్తే వెడల్పులో మిగిలేది దాదాపు 607 పిక్సెళ్లు, అంటే మూడో వంతు కూడా కాదు. స్టేజీ మీద పదిమంది వరుసగా ఉంటే ముగ్గురు మిగులుతారు, ఆ ముగ్గురినీ మళ్లీ 1080 వెడల్పుకు పెంచాలి కాబట్టి బొమ్మ మసకబారుతుంది. అదే 4కెలో (3840x2160) తీసి ఉంటే 1215 పిక్సెళ్లు దొరుకుతాయి, అప్పుడు మసక సమస్య ఉండదు గానీ మిగతా ఏడుగురు మాత్రం తిరిగి రారు. కీఫ్రేమ్‌లు (ఏ క్షణంలో ఫ్రేమ్ ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) వాడి పల్లవిలో ఎడమవైపు పాపను, చరణంలో కుడివైపు బాబును చూపిస్తూ ఫ్రేమ్‌ను మెల్లగా జరపొచ్చు. ఓపిక ఉంటే బాగుంటుంది. కానీ గ్రూప్ డ్యాన్స్‌ను అడ్డంగానే పెట్టండి, ఇది నా గట్టి అభిప్రాయం. తమ పిల్లను వెతుక్కునే తల్లికి నిండిన ఫ్రేమ్ కన్నా ఆ పిల్ల కనిపించడమే ముఖ్యం.

పైనా కిందా అదే వీడియోను బ్లర్ చేసి నింపే పద్ధతి ఇప్పుడు ప్రతిచోటా కనిపిస్తోంది. నాకు నచ్చదు. ఆ బ్లర్ వీడియోలోనే అచ్చయిపోతుంది, తర్వాత తీయలేరు. రేపు అదే ఫైల్‌ను టీవీలో పెడితే రెండు పక్కలా నల్లపట్టీలు, పైనా కిందా బ్లర్, మధ్యలో చిన్న కిటికీలో మీ వార్షికోత్సవం. నల్లపట్టీలు కలిపి అప్‌లోడ్ చేయొద్దని యూట్యూబ్ కూడా చెబుతుంది, వీడియో ఏ ఆకారంలో ఉన్నా దాని ప్లేయరే సర్దుకుంటుంది.

ఇందులో తప్పంతా వాడేవాళ్లది కాదు. కొత్తవాళ్ల కోసమని చెప్పుకునే ఎడిటర్లు చాలావరకు మొదట వేసిన క్లిప్‌ను చూసి మొత్తం ప్రాజెక్టు కొలతను తమంతట తామే నిర్ణయించేస్తాయి, ఆ సంగతి మనకు చెప్పవు. వాట్సాప్‌లో వచ్చిన నిలువు క్లిప్ ఒకటి ముందు వేశారంటే తర్వాత వేసిన అడ్డం క్లిప్‌లన్నీ అందులో ఇరుక్కోవాల్సిందే. గంటసేపు కూర్చుని టైటిళ్లు, పాట, పేర్లు అన్నీ పెట్టాక కొలత మారిస్తే పేర్లు ఫ్రేమ్ బయటికి పోతాయి. స్టిక్కర్లు, ఎఫెక్టులు ముందువరసలో పెట్టి, కొలతను మూడు మెనూల వెనక దాచేవాళ్లు దీన్ని ‘ఈజీ’ అని ఎలా అంటారో నాకు అర్థం కాదు. ప్రాజెక్టు తెరవగానే 16:9 కావాలా, 9:16 కావాలా, 1:1 కావాలా అని ఒక్క మాట అడిగితే నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఆగిపోతాయి. అడగరు కాబట్టి మీరే క్లిప్ వేయకముందు కొలత పెట్టుకోండి.

గుంటూరు నుంచి వచ్చిన ప్రశ్న కూడా దీనికి దగ్గరదే. రెండున్నర నిమిషాల వంట వీడియో నిలువుగా చేసి పెడితే యూట్యూబ్ దాన్ని షార్ట్స్‌లో వేసేసిందట. 2024 అక్టోబరు 15 నుంచి అప్‌లోడ్ చేసినవి నిలువుగా గానీ చతురస్రంగా గానీ ఉండి 3 నిమిషాలు దాటకపోతే షార్ట్స్ కిందే లెక్క. మామూలు వీడియోగా ఉండాలంటే 16:9లో చేయండి.

ఇప్పుడు ఆ టెలిగ్రామ్ ఫైల్ సంగతి. ‘మాడ్’ (అసలు యాప్‌ను ఎవరో మార్చినది), ‘ప్రీమియం అన్‌లాక్డ్’ అని తిరిగే యాప్‌లలో లోపల ఎవరు ఏం కలిపారో తెలిసే దారి లేదు. ఎడిటింగ్ యాప్‌కు ఫోటోలు, వీడియోలు, వాయిస్ రికార్డ్ చేస్తే మైక్, ఇవి చాలు. అది ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి అడిగిందంటే ఓటీపీల కోసమే. యాక్సెసిబిలిటీ అడిగిందంటే ఇంకా ఘోరం, ఆ అనుమతి ఇస్తే స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి ఫైల్‌తో వేసిన యాప్‌లకు ఈ అనుమతి సులభంగా దొరకకుండా ‘రెస్ట్రిక్టెడ్ సెట్టింగ్’ అని అడ్డు పెట్టారు. ఆ అడ్డు తీసేయమని ఏ ఎడిటింగ్ యాప్ అయినా చెప్పిందంటే అక్కడితో ఆపేయండి.

కంప్యూటర్‌లోనూ ఇదే గొడవ. 2017 జనవరిలో విండోస్ మూవీ మేకర్‌ను మైక్రోసాఫ్ట్ ఆపేసింది. అదే ఏడాది ఆ పేరుతో ఒక నకిలీ సైట్ గూగుల్ సెర్చ్‌లో పైకి వచ్చి కూర్చుందని ఈసెట్ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. డౌన్‌లోడ్ చేస్తే పనిచేస్తుంది, కష్టపడి వీడియో అంతా చేశాక సేవ్ చేయబోతే డబ్బు కట్టమంటుంది. అసలుదేమో ఎప్పుడూ ఉచితమే. ఇప్పటి మోసాలతో పోలిస్తే అది చిన్నదే. యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయమనే క్రాక్ ఫైళ్లలో (డబ్బు కట్టకుండా వాడుకునేలా మార్చినవి) చాలాసార్లు బ్రౌజర్ కుకీలు, అంటే మీరు లాగిన్ అయ్యారని గుర్తుంచుకునే చిన్న ఫైళ్లు, ఎత్తుకుపోయే ప్రోగ్రాములు ఉంటాయి. ఆ కుకీ దొరికితే మీరు లాగిన్ అయి ఉన్న ఖాతాలోకి పాస్‌వర్డ్ లేకుండా, ఓటీపీ లేకుండా దూరిపోతారు. టూ స్టెప్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో తనిఖీ) పెట్టుకున్నాను కదా అని నిశ్చింతగా ఉండే చానల్ వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. స్పాన్సర్‌షిప్ పేరుతో మెయిల్ పంపి, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయించి, ఇలాగే చానళ్లు కొట్టేసి అమ్ముకుంటున్నారని, క్రిప్టో మోసాల లైవ్‌లకు వాడుకుంటున్నారని గూగుల్ 2021 అక్టోబరులో చెప్పింది. వాటర్‌మార్క్ ఒకటి పోవడానికి ఏళ్ల తరబడి పెంచుకున్న చానల్‌ను పణంగా పెట్టడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పైగా అవసరమే లేదు. చాలా ఫోన్లలో గ్యాలరీలోనే క్రాప్ ఉంటుంది. కంప్యూటర్‌కు షాట్‌కట్, కెడెన్‌లైవ్, ఓపెన్‌షాట్ ఉన్నాయి, మూడూ ఉచితం, వాటర్‌మార్క్ వేయవు. వాటిని వాటి సొంత సైట్ నుంచే దించుకోండి, సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటన నుంచి కాదు. షాట్‌కట్‌లో సెట్టింగ్స్, వీడియో మోడ్‌లోకి వెళ్లి కొలత పెట్టుకోవాలి, సాగదీసే పద్ధతికి అందులో ‘డిస్టార్ట్’ (ఆకారం చెడగొట్టడం) అని ఉన్నదున్నట్టు పేరు పెట్టారు.

మాడ్ యాప్ ఇప్పటికే వేసేసినవాళ్లు దాన్ని తీసేయండి. మొండికేస్తే సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు పనిచేయకుండా ఫోన్ తెరుచుకునే పద్ధతి) తీయండి, అయినా పోకపోతే ఫోన్ రీసెట్ చేయాల్సిందే. తర్వాత వేరే ఫోన్ నుంచి గూగుల్ పాస్‌వర్డ్ మార్చి, మిగతా డివైస్‌లన్నిటి నుంచి సైన్ అవుట్ చేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి.

చివరగా విజయవాడ పాఠకుడి ప్రశ్న. అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్‌ను స్టూడియోలో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే టీవీలో అందరూ పొట్టిగా, లావుగా ఉన్నారట. ముందు టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజు 4:3 పెట్టి చూడండి. కంప్యూటర్‌లో అయితే వీఎల్‌సీలో తెరిచి ‘ఎ’ మీట నొక్కుతూ 4:3 వచ్చేదాకా వెళ్లండి. అక్కడ ముఖాలు సరిగ్గా కనిపిస్తే ఫైల్‌లో బొమ్మ పాడవలేదు, కొలత ఒక్కటే తప్పు. ఫైల్ 1920x1080లో ఉంటే ఎడిటర్‌లో 1440x1080కి కుదించండి, 720x576లో ఉంటే 768x576 చేయండి. మార్పులన్నీ కాపీలోనే చేయండి, స్టూడియో నుంచి క్యాసెట్ ఇంకా తెచ్చుకోకపోతే వెళ్లి తెచ్చుకోండి.