"సీకూత్ చేర్వుస్"లో గొంతులు చెదిరిపోతుంటే

16వ శతాబ్దపు ఇటలీ స్వరకర్త పాలెస్ట్రీనా కూర్చిన ఈ లాటిన్ బృందగానంలో, మీ బృందం అందరూ పాట అందుకోగానే లయ తప్పుతోందన్నారు కదా, కారణం బహుశా బార్ గీతలే, అంటే స్వరలిపిని తాళం లెక్కన విడగొట్టే నిలువు గీతలు. పాలెస్ట్రీనా కాలంలో ఒక్కో గొంతుకు ఒక్కో పుస్తకం ఉండేది, అందులో ఈ గీతలుండవు. తర్వాతి సంపాదకులు గీసినవి చూసి మీవాళ్లు గీత పక్క స్వరాన్ని నొక్కుతున్నట్టున్నారు.

1. స్వరం వదిలేసి, లయలో మాటలు మాత్రం చదివించండి. చాలామంది దాటేసేది ఇదే. నొక్కు మాటను బట్టి పడాలి: చేర్వుస్‌లో "చేర్", దెసీదెరాత్‌లో "సీ", అక్వారుమ్‌లో "క్వా". టెనర్, ఆల్టో, సొప్రానో, బేస్ (బృందంలోని నాలుగు రకాల గొంతులు) ఒకరి తర్వాత ఒకరు వస్తారు కాబట్టి నొక్కులు ఒకేసారి పడవు, పడకూడదు కూడా. ఒక రిహార్సల్ పూర్తిగా దీనికే ఇచ్చినా మేలే.

2. తర్వాత స్వరాలతో, మెల్లగా.

3. బృందాన్ని నడిపించేటప్పుడు చేత్తో ఒకటో దెబ్బ (గీత పక్కనే పడే తాళం) గట్టిగా చూపించకండి, లేకపోతే మళ్లీ ఆ స్వరాన్నే నొక్కుతారు.