అటక మీది ఆ పెట్టె

అమ్మడూ,

మొన్న మీ అమ్మ ఫోన్‌లో నీ సంగతులన్నీ చెప్పింది. బిడ్డ వచ్చేలోపు ఇల్లంతా ఖాళీ చేసి సర్దుతున్నావని, ఈ చలికాలంలో దొరికే కూరలతో ఇప్పటి నుంచే వండి ఫ్రీజర్‌లో దాచుకుంటావని, దానికోసం ఒక నోట్‌బుక్ కూడా పెట్టావని విన్నాను. హాస్టల్‌లో ఉన్నప్పుడు మంచం మీద బట్టల గుట్టను పక్కకు నెట్టి పడుకున్న పిల్లవి నువ్వు. ఇంత ముందుచూపు ఎప్పుడు నేర్చుకున్నావే అనుకుని ఆ రోజంతా మురిసిపోయాను.

అదే ఫోన్‌లో మీ అమ్మ ఇంకో మాట కూడా అంది. అటక మీద పాత పెట్టె దింపించి, నీ చిన్నప్పటి గౌన్లూ దుప్పట్లూ బిడ్డ కోసం తీస్తావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. ఆ పెట్టె గురించి కింద వివరంగా రాస్తాను. అప్పటిదాకా దాన్ని తెరవకు.

ముందు మామూలు సంగతులు. బరువులు ఎత్తకు. స్టూల్ ఎక్కకు. నెలలు పెరిగేకొద్దీ కీళ్ళు వదులవుతాయి, పొట్ట ముందుకొచ్చి ఒంటి తూకం మారిపోతుంది, నిన్న ఎక్కినట్టే ఇవాళా ఎక్కుతాననుకుంటే కాలు జారుతుంది. అల్లుడు ఎక్కుతాడు, నువ్వు కింద కుర్చీలో కూర్చుని ఏది ఉంచాలో ఏది పంపాలో చెప్పు చాలు. బాత్రూమ్ కడిగే బ్లీచింగ్‌ను ఇంకే క్లీనర్‌తోనూ కలపనివ్వకు, విషవాయువు వస్తుంది. పాత గోడల పెయింట్‌లో సీసం ఉండొచ్చు, ఆ గది గోకించే పని పెట్టుకోకు.

ఏ గదితో మొదలుపెట్టాలని మీ అమ్మను అడిగావట. గదుల లెక్క వద్దు. ఒక రాత్రి చిన్న లైటు మాత్రం వేసి, ఎడమ చేతిలో దిండును బిడ్డలా ఎత్తుకుని, మంచం దగ్గర నుంచి బాత్రూమ్‌కీ, అక్కడి నుంచి వంటింటికీ నడిచి చూడు. కాలికి తగిలినవి, రెండో చెయ్యి లేకపోతే తెరుచుకోనివి, వంగితే తప్ప అందనివి ఏవేవో నీకే తెలుస్తాయి. ముందు వాటి సంగతి చూడు. పుస్తకాల అలమర, పాత ఫైళ్ళు, పెళ్ళికి వచ్చి విప్పని గిన్నెల సెట్లు ఎక్కడికీ పోవు. వాటి జోలికి వెళ్తే ఒక్కో వస్తువు దగ్గరా గంటసేపు కూర్చుండిపోతావు, నీ సంగతి నాకు తెలుసు.

బిడ్డ పడుకునే చోట మాత్రం ఏమీ పెట్టకు. గట్టి పరుపు, బిగుతుగా పరిచిన దుప్పటి, అంతే. దిండ్లు, బొమ్మలు, మెత్తటి బొంతలు వద్దు. వెల్లకిలా పడుకోబెట్టాలి. ఎవరైనా పాత ఉయ్యాల మంచం ఇస్తామంటే కమ్మీల మధ్య ఖాళీ కొలువు, 6 సెంటీమీటర్లకు మించి ఉంటే తీసుకోకు. రిమోట్లలో ఉండే గుండ్రటి చిన్న బ్యాటరీలు, గడువు దాటిన మందులు ఇప్పుడే ఏరి తీసేయించు. పాకే వయసు వచ్చాక చూద్దాం అనుకుంటాం. అప్పటికి మనకు తీరికే ఉండదు.

ఈ సర్దుడంతా 35వ వారానికల్లా అయిపోవాలి. ప్రపంచంలో పదిమంది పిల్లల్లో ఒకరు 37 వారాలు నిండకుండానే పుడుతున్నారు. డాక్టర్ ఇచ్చిన తేదీ రోజునే పుట్టేవాళ్ళు చాలా తక్కువ.

వంట గురించి నీ ఆలోచన నాకు బాగా నచ్చింది. నెలలు నిండేసరికి ఎండలు ముదురుతాయి. అప్పుడు పొయ్యి దగ్గర నిలబడే ఓపిక నీకు ఉండదు, కూరగాయలు ఇంత లేతగానూ దొరకవు. బఠానీ, క్యారెట్, బీన్స్, ఆకుకూరలు చవగ్గా, తాజాగా ఉన్న ఈ రోజుల్లోనే దాచుకోవడం తెలివైన పని. అయితే పచ్చివి పచ్చిగా ఫ్రీజర్‌లో వేస్తే కొన్ని వారాలకే రంగూ రుచీ పోయి గడ్డిలా అయిపోతాయి. మరిగే నీళ్ళలో బీన్స్ మూడు నిమిషాలు, ఆకుకూర రెండు నిమిషాలు, బఠానీ నిమిషంన్నర ఉంచి, వెంటనే బాగా చల్లటి నీళ్ళలో వేసి, పూర్తిగా వడకట్టి, బట్ట మీద తడి ఆరనిచ్చి అప్పుడు పెట్టు. కూరగాయను పాడుచేసే గుణం దాని లోపలే ఉంటుంది, చలికి నెమ్మదిస్తుంది గానీ ఆగదు. ఆ వేడి నీళ్ళే దాన్ని ఆపేది.

వండిన వాటిలో పప్పు, చిక్కుళ్ళు, టమాటా గుజ్జు, గుమ్మడికాయ సూప్ బాగా నిలుస్తాయి. బంగాళాదుంప ముక్కలు పిండిపిండిగా అవుతాయి, ఉడికించిన గుడ్డు రబ్బరులా సాగుతుంది, వాటిని అప్పటికప్పుడే చేసుకో. డబ్బా నిండా పోయకు. నీళ్ళు గడ్డకడితే ఇంచుమించు పదో వంతు ఉబ్బుతాయి, మూత ఎగిరిపోతుంది. ఒక్క పూటకు ఒక్క మనిషికి సరిపోయేంతే ఒక డబ్బాలో పెట్టు. పెద్ద డబ్బా పెడితే కరిగించింది అంతా తినాలి, లేదా పారేయాలి. మళ్ళీ గడ్డకట్టించడం మంచిది కాదు. మూత మీద ఏం వండావో, ఏ రోజు వండావో రాసి అతికించు. వండినవి మూడు నెలల్లోపు తినేస్తే రుచి పోదు.

అన్నం దగ్గర జాగ్రత్త. అన్నంలో ఉండే ఒక సూక్ష్మజీవి విత్తనాలు ఉడికినా చావవు, గది వేడిలో గంటల తరబడి వదిలేస్తే మొలిచి విషాన్ని తయారుచేస్తాయి, తర్వాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. వండిన గంటలోపు పళ్ళెంలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టు, మర్నాటికల్లా తినేయి. కరెంట్ పోతే ఫ్రీజర్ తలుపు తీయకు. నిండుగా ఉన్న ఫ్రీజర్ మూసి ఉంచితే రెండు రోజులు చల్లదనం నిలుపుతుంది, సగమే నిండితే ఒక రోజు.

ఇక పెట్టె సంగతి.

నా పెద్దపిల్ల, అదే మీ అక్క, పుట్టాక దాని చిన్న బట్టలన్నీ ఉతికి, మడిచి, ఒక రేకు పెట్టెలో పెట్టాను. పురుగు పట్టకుండా మడత మడతకూ కలరా ఉండలు వేశాను. అందరం వేసేవాళ్ళం. నాలుగేళ్ళకు మీ అన్నయ్య కడుపులో పడ్డాడు. ఏడో నెలలో, ఇప్పుడు నీకున్నంత హుషారుగానే, నేనూ ఇల్లంతా సర్దాను. పెట్టె తెరవగానే ఆ వాసన గుప్పుమంది. నాకు ఆ వాసన ఇష్టంగా ఉండేది అమ్మడూ. శుభ్రమంటే అదే అనుకునేదాన్ని. ఒక్కసారి నీళ్ళలో జాడించి, ఒక పూట ఎండలో వేసి, మళ్ళీ మడిచి పెట్టాను.

వాడు పుట్టిన రెండో రోజు ఇంటికి వచ్చాం. ఒళ్ళంతా నూనె రాసి, పెట్టెలోంచి తీసిన మెత్తటి దుప్పట్లో చుట్టి పడుకోబెట్టాను. నాలుగో రోజుకు కళ్ళు పచ్చబడ్డాయి. పుట్టిన పిల్లలకు కామెర్లు మామూలే, కాస్త ఎండలో పెట్టమన్నారు అందరూ. నిజమే, సగానికి పైగా పిల్లలకు ఎంతో కొంత వస్తాయి, చాలావరకు వాటంతట అవే పోతాయి. రెండు రోజులు కిటికీ దగ్గర ఎండలో పెట్టాను, అదే దుప్పటి కింద పరిచి. ఆరో రోజుకు అరికాళ్ళు కూడా పచ్చగా అయ్యాయి. పాలు తాగడం మానేశాడు. ఏడవడం కూడా తగ్గింది, మంచి పిల్లాడు నిద్రపోతున్నాడనుకున్నాను. గుడ్డ మీద మూత్రం టీ రంగులో మరక పడింది. అప్పుడు భయపడ్డాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వాణ్ణి చేతుల్లోకి తీసుకుని, మొదట పసివాణ్ణి చూడలేదు, దుప్పటిని వాసన చూసింది. "ఇందులో ఏం వేశారు?" అని అడిగింది. చెప్పాను. నర్సును పిలిచి ఆ దుప్పటి బయట పారేయించింది. వాడి ఎర్ర రక్తకణాలు లోపల పగిలిపోతున్నాయి. నీలం లైట్ల కింద పెట్టారు, రక్తం కూడా మార్చారు. కామెర్లు ఇంకా పెరిగి ఉంటే మెదడుకు దెబ్బ తగిలేదని తర్వాత చెప్పారు. ఆ మూడు రాత్రులు నేను ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని నా చేతులు వాసన చూసుకుంటూనే ఉన్నాను.

ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ వాడికి పుట్టుకతోనే తక్కువ. ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి ఈ లోపం ఉంది, చాలామందికి ఉన్నట్టు కూడా తెలియకుండానే జీవితం గడిచిపోతుంది. కానీ ఆ లోపం ఉన్న పసిపిల్లలకు కలరా ఉండల్లోని నాఫ్తలీన్ విషమే. అది గట్టిగా ఉన్నప్పుడే నేరుగా ఆవిరై బట్టలోకి దిగుతుంది, ఒక ఉతుకుకు వదలదు. నూనె రాసిన చర్మం దాన్ని ఇంకా తొందరగా పీల్చుకుంటుందట. ఒక తల్లి బిడ్డకు ప్రేమతో చేసేవన్నీ చేశాను, సరిగ్గా తప్పు వరసలో.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది ఇది. ఆ లోపం కొడుకులకు తల్లి నుంచే వస్తుంది. నాకు ఏ జబ్బూ లేదు, కానీ నాలోంచే వాడికి వచ్చింది. మీ అమ్మా నేనూ ఒక్క తల్లి పిల్లలం. అది మీ అమ్మలోనూ ఉండొచ్చు, నీలోనూ ఉండొచ్చు. లేకపోనూవచ్చు. ఇన్నేళ్ళుగా మీ అమ్మకు కామెర్ల సంగతి చెప్పాను గానీ దుప్పటి సంగతి చెప్పలేదు. నోరు రాలేదు. రాత్రి ఫోన్ చేసి చెప్పాను. నీ పెట్టెలోనూ అవే ఉండలు వేశానని తనే చెప్పింది. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. నిన్ను భయపెట్టాలని కాదు, నువ్వు వేసుకుని పెరిగిన బట్టలే అవి, నీకేమీ కాలేదు. నీ బిడ్డ రక్తం ఎలాంటిదో మాత్రం మనకింకా తెలియదు.

ఈసారి చెకప్‌కు వెళ్ళినప్పుడు డాక్టర్‌కు ఈ మాట చెప్పు: మా పెద్దమ్మ కొడుక్కి జీ6పీడీ లోపం ఉంది అని. బిడ్డ పుట్టాక ఆ పరీక్ష చేయమని అడుగు, చిన్న రక్త పరీక్షే. లోపం ఉందని తేలితే వాడకూడని మందులు కొన్ని ఉన్నాయి, ఫావా బీన్స్ అనే ఒక రకం చిక్కుడు గింజల్లాంటి తినకూడనివీ ఉన్నాయి, ఆ జాబితా వాళ్ళే ఇస్తారు. పుట్టాక మొదటి రోజే పచ్చబడినా, పచ్చదనం కాళ్ళ దాకా దిగినా, పాలు మానేసి మగతగా పడి ఉన్నా, మూత్రం రంగు మారినా ఎవరి మాటా వినకు, నా మాట కూడా వినకు, ఆసుపత్రికి వెళ్ళు.

పెట్టెను అల్లుడు బాల్కనీలోకి దింపాలి. నువ్వు దగ్గరికి వెళ్ళకు. ఆ తెల్ల గౌను మీద మీ అమ్మ కుట్టిన పసుపు బాతులు నాకూ గుర్తున్నాయి. నీకు ఆరు నెలలప్పుడు అది వేసుకుని నా ఒళ్ళో కూర్చుని నా కళ్ళజోడు లాగేదానివి. పారేయమనడానికి నాకు మనసు రాదు. దాన్ని విడిగా ఒక కవర్లో మూసి నాకు పంపు, నా దగ్గర ఉంటుంది. అలాంటి బాతులు కుట్టడానికి కొత్త బట్ట, పసుపు దారం మీ అమ్మకు కొనిచ్చాను. ఇవాళే మొదలుపెట్టింది.

చెకప్ ఎప్పుడో నాకు ఫోన్ చేసి చెప్పు. ఆ రోజు నేనూ నీతో వస్తాను.

మీ పెద్దమ్మ